ఎదుటి మనిషి లేని జూదం

జూదాన్ని గురించి మన మిత్రుల్లో రెండు రకాల అభిప్రాయాలు వినిపిస్తాయి. జూదం ఏ రూపంలో వున్నా జూదమేననీ, దోపిడీ సమాజం పారేసిన చెత్తను ఏరి పరీక్షించడం కాలహరణమనీ కొందరంటారు. పేకాట కూలివాడి నుంచి కలెక్టరు దాకా అందరికీ వున్న కాలక్షేపమనీ, అందులోకి నీతిని లాగడం ఛాందసమనీ మరికొందరంటారు. పైకి ఇవి పరస్పర విరుద్ధాలు. కాని ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట: బల్లచుట్టూ కూచుని ఆడినా, ఎవరింట్లో వాళ్ళు ఫోను చేతబట్టుకుని ఆడినా ఆట మాత్రం మారలేదని ఇద్దరూ అనుకుంటున్నారు. ముక్కలవే, నియమాలవే, పోయే డబ్బూ అదే. మారింది బల్ల మాత్రమేనట.

బల్ల మారితే ఆట మారుతుందనీ, ఆటతోపాటు ఆడేవాడి నైతిక స్థితి కూడా మారుతుందనీ నా ఉద్దేశం. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల మొదటి పక్షంవారు కొత్త దోపిడీని పాత పేరుతో పిలిచి వూరుకుంటున్నారు. రెండో పక్షంవారు పాత వినోదం పేరు చెప్పి కొత్త దోపిడీని వెనకేసుకొస్తున్నారు.

మన న్యాయస్థానాలు కూడా దీన్ని చాలాకాలం పట్టించుకోలేదు. వాటికి ఎప్పుడూ ఒకటే ప్రశ్న: గెలుపు నైపుణ్యం వల్ల వస్తుందా, అదృష్టం వల్ల వస్తుందా? ఈ ప్రశ్న మీద వచ్చిన ముఖ్యమైన తీర్పు మన ప్రాంతపు కేసులోనే పుట్టింది. 1963లో సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి, రమ్మీ ఆడుతున్నవాళ్ళను పట్టుకున్నారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది వుంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, గనక రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తేల్చారు. అదే తీర్పులో మరో మాట కూడా వుంది. ఆ యింటి యజమానిగాని, క్లబ్బుగాని ఆటమీద లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యముంటే అది నేరం కావచ్చునన్నారు. తరవాత అర్ధశతాబ్దానికి వచ్చిన ఆన్‌లైన్ కంపెనీలు ఈ తీర్పులోని మొదటి మాటను జెండాలాగా ఎత్తుకు తిరిగాయి. రెండో మాట ఎవరి నోటా పెద్దగా వినిపించలేదు.

తెలంగాణ ప్రభుత్వం 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. పోకర్ జూదమేనని గుజరాత్ హైకోర్టు 2017లో అన్నది. కాదు, నైపుణ్యమేనని మరికొన్ని కోర్టులన్నాయి. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు ఒక చట్టం చేసి, నైపుణ్యమా అదృష్టమా అన్న విచక్షణ లేకుండా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధించింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. ఇదంతా ఒక ఎత్తు. నైపుణ్యమా అదృష్టమా అన్నది ఆటను గురించిన ప్రశ్నే గాని మనుషులను గురించిన ప్రశ్న కాదు. ఆ మాటకొస్తే వడ్డీవ్యాపారానికి కావలసినంత నైపుణ్యం మరి దేనికీ అక్కర్లేదు.

మన ఆట రమ్మీయే అయినా ఇక్కడ పోకర్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. రమ్మీలో మాట్లాడేవి పారేసిన ముక్కలు. పోకర్‌లో మాట్లాడేది డబ్బే. ఇప్పుడు ఎక్కువగా ఆడే పద్ధతిలో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. అయిదు ముక్కలు అందరికీ ఉమ్మడిగా బల్లమీద విడతలవారీగా తెరుస్తారు. విడత విడతకూ పందెం పెంచవచ్చు, ఎదుటివాడు పెంచిన దానికి సరిపెట్టవచ్చు, లేదా ముక్కలు పారేసి తప్పుకోవచ్చు. అందరూ తప్పుకుంటే మిగిలినవాడు తన ముక్కలు చూపించకుండానే మధ్యలో పడిన డబ్బంతా తీసుకుంటాడు. అంటే చేతిలో ఏమీ లేకపోయినా, వున్నట్టు బుకాయించి గెలవవచ్చు. పందెం అనేది ఇక్కడ ఒక వాక్యం. అది నిజమో అబద్ధమో తేల్చుకోవడమే ఆట. అందుచేత మనిషికీ మనిషికీ మధ్య వున్న సంబంధం ఈ ఆటలో బయటపడినంతగా మరే పేకాటలోనూ బయటపడదు.

నేను చాలా ఏళ్ళు మా వూరి క్లబ్బులో రమ్మీ ఆడాను. పోకర్‌ను దగ్గర కూచుని చూసింది న్యూజెర్సీలో, మా మేనల్లుడి యింట్లో. శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక, ఆ బల్లమీదే దుప్పటి పరుచుకుని ఎనిమిదిమంది కూచుంటారు. అందరూ మనవాళ్ళే, అందరూ కంప్యూటరు ఉద్యోగులే. ఆట మధ్య ఉద్యోగాల వూడబెరకడాలు, వీసాల బెంగలు, ఇండియాలో కట్టిస్తున్న ఫ్లాట్ల కబుర్లు. గురజాడ కన్యాశుల్కంలో మధురవాణి యింట్లో పేకాట రంగం చదివినవారికి ఇది కొత్త కాదు: అక్కడా ముక్కలతోపాటు వూరి సంగతులన్నీ చేతులు మారతాయి. మావాడు అదే ఆటను కంప్యూటరులో కూడా ఆడతాడు; ఆ రాష్ట్రంలో 2013 నుంచి అది చట్టబద్ధం.

బల్లదగ్గర ఎదుటివాడి ముఖం రెండు పనులు చేస్తుంది. మొదటిది అందరికీ తెలిసిందే: ముఖం సమాచారం ఇస్తుంది. మంచి ముక్కలు పడ్డవాడు అతిగా నిర్లక్ష్యం నటిస్తాడు, బుకాయించేవాడి చెయ్యి చిప్పలమీద ఆగిపోతుంది, మాటకారి మూగవాడవుతాడు. పోకర్ గురించిన పుస్తకాలు దీన్ని శాస్త్రంలాగా రాస్తాయి. రెండో పనిని గురించి ఆ పుస్తకాలకు పట్టింపు లేదు. ఎదుటి ముఖం మననుంచి ఒక జవాబు అడుగుతుంది. ఇతని డబ్బు నువ్వు తీసుకుంటున్నావు, ఇతనెవరో నీకు తెలుసు, ఇతని పిల్ల పెళ్ళి వచ్చేనెల అని గుర్తుచేస్తుంది. నేను చెప్పదలచిన తేడా అంతా ఈ రెండో దాంట్లో వుంది.

మొదటిదాన్ని గురించి ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. ముఖాలు చదవడమే పోకర్ అనేది మగవాళ్ళు తమ గురించి చెప్పుకునే గొప్పల్లో ఒకటి. గణితవేత్త జాన్ వాన్ నోయ్‌మన్ 1928లోనే ఇట్లాంటి ఆటల సిద్ధాంతానికి పునాది వేశాడు. 1944లో మార్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన గ్రంథంలో పోకర్‌ను లెక్కగట్టి చూపించాడు. ఆ లెక్క ప్రకారం బుకాయింపు అనేది మనస్తత్వం కాదు, ధైర్యం కాదు. మరీ చెడ్డ ముక్కలు పడ్డప్పుడు ఫలానా పాళ్ళలో అబద్ధమాడటం ఆట నిర్మాణంలోనే వుంది. ఈ లెక్క చివరకు ఎక్కడికి పోయిందంటే, 2017 జనవరిలో పిట్స్‌బర్గ్ నగరంలోని ఒక జూదశాలలో నలుగురు ఆరితేరిన ఆటగాళ్ళకూ, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే కంప్యూటరు ప్రోగ్రాముకూ పోటీపెట్టారు. 20 రోజులు, 1,20,000 ఆటలు. యంత్రం స్పష్టంగా గెలిచింది. దానికి ముఖం లేదు, ఎదుటివారి ముఖాలు చూడనూ లేదు. రోజూ రాత్రి ఆ నలుగురూ ఒకచోట చేరి దాని లోపాలను వెతుక్కునేవారు. అదే రాత్రి అది వాళ్ళు పట్టుకున్న లోపాలను పూడ్చుకునేది.

ముఖం లేకుండానే పోకర్ నిలబడుతుందని దీనివల్ల రుజువైంది. దాన్ని కాదనడం ఇక సాధ్యం కాదు. అయితే ఆట నిలబడటం వేరు, ఆడేవాళ్ళ మధ్య సంబంధం నిలబడటం వేరు. మగ్గం లేకుండా బట్ట తయారవుతుందని రుజువైనంత మాత్రాన నేతగాడి సంగతి తేలిపోదు గదా.

ముఖం అడిగే జవాబు అని ఇందాక అన్నాను. దాన్ని గాలిమాటగా వదిలెయ్యకుండా చెప్పాలంటే మా వూరి క్లబ్బు సంగతే చెప్పాలి. అక్కడ ఒక గుమాస్తా వుండేవాడు. జీతం వచ్చిన మూడు రోజులు ఆడేవాడు. నాలుగో రోజు వస్తే బల్లదగ్గర చోటుండేది కాదు. కుర్చీ ఖాళీగానే వుండేది గాని, "ఎవరో వస్తామన్నారు బాబూ" అనేవారు. ఆ మాట అబద్ధమని అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. పక్కవూరి నుంచి వచ్చినవాడు పూర్తిగా పోగొట్టుకుంటే, గెలిచినవాడు దారిఖర్చులని చెప్పి కొంత తిరిగి ఇచ్చేవాడు. ఇది నియమం కాదు, ఇవ్వకపోతే మాత్రం మర్నాడు అతన్ని గురించి నలుగురూ నాలుగు మాటలనుకునేవారు.

ఇక్కడ పాతకాలపు వూరి మంచితనాన్ని కీర్తించబోతున్నానని అనుకోవద్దు. దారిఖర్చులిచ్చిన చేతులే ఒక రైతుచేత రెండెకరాలు రాయించుకోవడం నేను చూశాను. ఆ రైతు ముఖం కూడా ఎదురుగానే వుంది. ముఖం ఎదురుగా వుంటే మనుషులు మంచివాళ్ళయిపోతారని నేననడం లేదు. బల్లదగ్గర దుర్మార్గం చేసేవాడు దాన్ని తెలిసి చెయ్యవలసివుంటుంది, నలుగురి ముందూ చెయ్యవలసివుంటుంది అంటున్నాను. రెండెకరాలు రాయించుకున్న పెద్దమనిషి బతికినంతకాలం ఆ పేరు మోశాడు. వూళ్ళో రైతుకూలీ సంఘం పెట్టినప్పుడు మొట్టమొదట జనానికి గుర్తొచ్చింది ఆ రెండెకరాలే.

తెరమీద ఆటలో ఇదంతా వుండదు. ఎదురుగా ఒక పేరు, పక్కన ఒక అంకె. ఆ పేరైనా సొంత పేరు కాదు. ఆరితేరినవాళ్ళు ఎదుటివారి ఆటతీరును లెక్కకట్టే సాధనాలు కూడా పెట్టుకుంటారు: ఇతను నూటికి ఎన్నిసార్లు ముక్కలు పారేస్తాడు, ఎన్నిసార్లు పెంచుతాడు, పెంచినప్పుడు బెదిరిస్తే ఎన్నిసార్లు తప్పుకుంటాడు. మనిషి మాయమై అతని బలహీనతల పట్టిక మిగులుతుంది. పోకర్ పరిభాషలో బలహీనమైన ఆటగాణ్ణి చేప అంటారు. బల్లదగ్గరయినా ఆ మాట వాడతారు, కాని మొహం మీద అనరు. తెర వెనక అననక్కర్లేకుండానే అదే అతని పేరవుతుంది. మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంలాగా కనిపించడాన్ని గురించి మార్క్స్ సరుకుల ప్రకరణంలో చెప్పింది మన పాఠకులకు తెలుసు. చొక్కా కొన్నవాడికి కుట్టినవాడు కనపడడు. ఆ సూత్రం ఇన్నాళ్ళకు పేకాట బల్లదాకా వచ్చింది.

అయితే దీనివల్ల లాభం ఎవరికి? ఎదుటి ఆటగాడికి మాత్రమే అనుకుంటే పొరపాటు. పోకర్‌లో ఆడించేవాడు పందెంలో పాల్గొనడు. మధ్యలో పడిన డబ్బులోంచి నూటికి అయిదు వంతున, ఒక హద్దుకు లోబడి, తన వాటా తీసుకుంటాడు. ఎవరు గెలిచారన్నది అతనికి అనవసరం. ఎన్ని ఆటలు జరిగాయన్నదే అవసరం. మనుషులు ముక్కలు కలిపి పంచే బల్లదగ్గర గంటకు సుమారు 30 ఆటలు జరుగుతాయి. తెరమీద కలపడం, పంచడం రెప్పపాటులో అయిపోతాయి. ఒక్క బల్లమీదే 60, 70 ఆటలకు పైన పడతాయి. పైగా ఒకే మనిషి ఒకేసారి నాలుగు బల్లలు తెరుచుకుని ఆడవచ్చు. ఒక్కొక్క ఆటకు పది రూపాయల వాటా అనుకుందాం. బల్లదగ్గర గంటకు మూడువందలు. తెరమీద ఒక్క బల్లకే ఆరేడువందలు. ఆ బల్లలు ఎన్నైనా పెట్టవచ్చు. కుర్చీ, దీపం, టీ, పంచేవాడి జీతం ఏమీ అక్కర్లేదు. గెలిచినవాడి లాభమూ ఓడినవాడి నష్టమూ కలిపితే సున్నా రావాలి. ఈ వాటా తీసేస్తే సున్నాకన్న తక్కువే వస్తుంది; ఎంత వేగంగా ఆడితే అంత తక్కువ. పనిదినాన్ని పొడిగించడానికి వీల్లేనప్పుడు పని వేగాన్ని పెంచుతారని ఫ్యాక్టరీల విషయంలో మనం చెప్పుకుంటాం. ఆడేవాడి తీరిక కూడా ఇప్పుడు ఆ పద్ధతిలోకి వచ్చింది.

బల్లదగ్గర ముక్కలు కలిపే ఆ నిమిషం వృథా కాలం కాదు. ఆ నిమిషంలోనే సిగరెట్టు వెలిగిస్తారు, గడియారం చూస్తారు, ఇంటిదగ్గర నుంచి పిల్లవాడొచ్చి "నాన్నా, అమ్మ రమ్మంటోంది" అంటాడు. ఆలోచించుకోవడానికి వున్న సందు అది. దాన్ని పూడ్చెయ్యడాన్ని కంపెనీలు సౌకర్యమంటున్నాయి. లాస్‌వెగాస్ జూదయంత్రాల దగ్గర కూచునేవాళ్ళను పరిశీలించి నటాషా షూల్ అనే పరిశోధకురాలు 2012లో ఒక పుస్తకం రాసింది. వాళ్ళలో చాలామంది గెలవడానికి కూడా ఆడటం లేదని, ఆ ప్రవాహంలోంచి బయటికి రాకుండా వుండటానికి ఆడుతున్నారని ఆమె గమనించింది. ఆ యంత్రం ఇప్పుడు మన విద్యార్థుల జేబుల్లో వుంది.

ఇక డబ్బు సంగతి. బల్లదగ్గర డబ్బు బల్లమీద వుంటుంది. చిప్పలు పెట్టినా వాటి వెనక పెట్టె వుంటుంది, అవసరమైతే తెరిచి చూడవచ్చు. తెరమీద కనిపించేది ఒక హామీ మాత్రమే. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం మూడు పెద్ద ఆన్‌లైన్ పోకర్ కంపెనీల మీద కేసులు పెట్టింది. వాటిలో ఫుల్ టిల్ట్ అనే కంపెనీని గురించి ఆ సెప్టెంబరులో ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు చెప్పిన లెక్క ఇది: మార్చి నెలాఖరుకు కంపెనీ ఆటగాళ్ళకు బాకీ సుమారు 39 కోట్ల డాలర్లు, బ్యాంకులో వున్నది సుమారు 6 కోట్లు, అంతకుముందు నాలుగేళ్ళలో యజమానులకూ డైరెక్టర్లకూ పంచిపెట్టింది 44 కోట్లు. ఆ యజమానుల్లో పేరుమోసిన పోకర్ వీరులు కూడా వున్నారు. ప్రపంచం నలుమూలలా వేలమంది తెరమీద తమ అంకె చూసుకుని ఒకరినొకరు గెలుస్తూ, ఓడుతూ వున్నారు. వాళ్ళు గెలుచుకుంటున్న డబ్బులో చాలాభాగం అప్పటికే లేదు.

మోసం విషయంలో మాత్రం తెరకు అనుకూలంగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది నిజం. బల్లదగ్గర మోసాలు తక్కువేమీ కావు: ముక్కలు గుర్తుపెట్టడం, ఇద్దరు కూడబలుక్కుని మూడోవాణ్ణి ముంచడం, అడుగునుంచి పంచడం. పట్టుబడితే తన్నులు, లేకపోతే లేదు, రుజువంటూ మిగలదు. తెరమీద మోసం అంతకన్న పెద్దది. 2007, 2008ల్లో ఆబ్సొల్యూట్ పోకర్, అల్టిమేట్ బెట్ అనే రెండు కంపెనీల్లో లోపలివాళ్ళు అందరి మూసిన ముక్కలూ చూస్తూ ఆడారని బయటపడింది. ఒక్క అల్టిమేట్ బెట్ ఆటగాళ్ళకే తిరిగి చెల్లించవలసివచ్చిన మొత్తం 2 కోట్ల డాలర్లకు పైన. దాన్ని పట్టుకున్నది ఎవరు? పోలీసులు కాదు, మోసపోయిన ఆటగాళ్ళే. యంత్రం ప్రతి ఆటనూ నమోదు చేసుకుంటుంది గనక, వాళ్ళు ఆ చిట్టాలు సంపాదించి, తమలో తాము పంచుకుని, ఈ మనిషి ఇంతగా గెలవడం సంభవం కాదని లెక్కవేసి చూపించారు. ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్ళు ఒకటై ఇంత పని చేశారంటే అది చిన్న విషయం కాదు. అయితే ఆ ఐక్యత ఎక్కడ పుట్టిందో గమనించాలి. ఆట ఆపి, ఒకరితో ఒకరు మాట్లాడుకున్నప్పుడు పుట్టింది.

మరో అభ్యంతరం ఇంతకన్న బరువైనది. మా క్లబ్బు బల్లచుట్టూ ఎవరు కూచునేవారు? గుమాస్తా, మేస్టరు, కాంట్రాక్టరు, కరణంగారబ్బాయి. మాలపల్లి నుంచి ఎవరూ రాలేదు. ఆడవాళ్ళ మాట అనుకోనే అక్కర్లేదు. ఆ దారిఖర్చుల మర్యాద, ఆ ఖాళీకుర్చీ దయ, తమవాళ్ళనుకున్నవాళ్ళకే దక్కాయి. తెరకు కులం తెలియదు. అమెరికా జూదశాలల్లో బల్లదగ్గర కూచున్న స్త్రీ అవతలివాళ్ళ వెకిలిమాటలు పడవలసివస్తే, తెరమీద ఆమె ఒక పేరు మాత్రమే. దీన్ని ప్రజాస్వామ్యం అంటారు కొందరు. పూర్తిగా అబద్ధం కాదు. ముఖం వల్ల జాలి పుట్టినట్టే అసహ్యం కూడా పుడుతుంది. ముఖాన్ని చూసే వెలివేస్తారు. ముఖం మరుగైనచోట వెలి కూడా మరుగవుతుంది.

కాని ఇది ఏ రకం సమానత్వం? సంతలో వుండే సమానత్వం. డబ్బున్నవాడెవడైనా రావచ్చు, డబ్బున్నంతసేపే వుండవచ్చు. 2003లో టెన్నెసీ రాష్ట్రంలో ఒక అకౌంటెంటు, క్రిస్ మనీమేకర్ అనే పేరుగలవాడు (నిజంగా అదే అతని ఇంటిపేరు), 86 డాలర్లు పెట్టి ఆన్‌లైన్‌లో చిన్న పోటీ గెలిచి, దానిమీద లాస్‌వెగాస్ ప్రపంచపోటీలో చోటు సంపాదించి, 25 లక్షల డాలర్లు గెలిచాడు. సామాన్యుడు రాజయ్యాడని పత్రికలు రాశాయి. ఆ పోటీలో 839 మంది వున్నారు. మూడేళ్ళకు ఆ సంఖ్య 8,773 అయింది. కంపెనీలు అతన్ని చూపించి జనాన్ని పిలిచాయి. ఎవరైనా గెలవవచ్చునన్నది అక్షరాలా నిజం. అందరూ గెలవడానికి వీల్లేదన్నది కూడా అంతే నిజం. పెట్టుబడిదారీ వ్యవస్థ తన గురించి చెప్పుకునే కథ కూడా సరిగ్గా ఇదే. అంటరానివాడికి బల్లదగ్గర కుర్చీ లేకపోవడానికి విరుగుడు, అందరినీ ఒకరికొకరు కనపడకుండా చీకట్లో కూచోబెట్టడం కాదు.

ఎదుటి మనిషి కనపడకపోవడం ఒక్కటే తప్పని కూడా నేననడం లేదు. ఉత్తరాల మీద చదరంగం ఆడినవాళ్ళున్నారు. ఎత్తుకు ఒక కార్డు చొప్పున, ఒక ఆటకు రెండేళ్ళు పట్టేది. ఒకరినొకరు జన్మలో చూసుకోనివాళ్ళు ఆ కార్డు చివర ఇంటి సంగతులు రాసుకున్నారు. అక్కడ ముఖం లేదు, కాని కాలం వుంది, డబ్బు లేదు, ఆట సాగినకొద్దీ వాటా తినే మూడోవాడు లేడు. ముఖం లేకపోవడమూ, వేగమూ, మూడోవాడి వాటా, ఈ మూడూ కలిసినచోటే నేను చెబుతున్న నైతిక ప్రశ్న పుడుతుంది.

ఈ మూడోవాడు మన సాహిత్యానికి కొత్తవాడు కాదు. సభాపర్వంలో జూదం ఇద్దరి మధ్యనే జరిగినట్టు చెప్పుకుంటాం. నిజానికి పందెం దుర్యోధనుడిది, పాచికలు శకునివి. ఒకడి తరపున మరొకడు ఆడటమేమిటని ధర్మరాజు మొదట్లోనే అభ్యంతరం చెబుతాడు, చెప్పి కూడా కూచుంటాడు. సభ నిండా ముఖాలున్నాయి. విదురుడు ఆపబోయాడు, తరవాత వికర్ణుడు నోరువిప్పాడు. మిగతా పెద్దలు తలలు దించుకున్నారు. ముఖాలు వున్నంతమాత్రాన అన్యాయం ఆగదనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు. కాని తలదించుకోవడం కూడా ఒక జవాబే. దానికి వాళ్ళు యుద్ధం దాకా సంజాయిషీ చెప్పుకోవలసివచ్చింది. ద్రౌపదిని పందెం ఒడ్డినప్పుడు ఆ సభలో ఒక్కడే ఏ సంకోచమూ లేకుండా "గెలిచామా, గెలిచామా" అని అడుగుతూ కూచున్నాడు. అతను ధృతరాష్ట్రుడు. అతనికి ముఖాలు కనపడవు. ఫలితం మాత్రం కావాలి. ఆ సభాభవనం అతనిదే.

2025 చట్టం ఆడించేవాణ్ణీ, ప్రకటనలిచ్చేవాణ్ణీ, డబ్బు చేరవేసేవాణ్ణీ శిక్షిస్తుంది. ఆడేవాణ్ణి బాధితుడుగా చూసి వదిలేస్తుంది. దీన్ని నేను సమర్థిస్తాను. గోవాలో మాండవి నదిమీద లంగరు వేసిన జూదపు ఓడల జోలికి ఈ చట్టం పోదు. విమానం టిక్కెట్టు కొనుక్కోగలవాడికి బల్ల ఇంకా వుంది. దాన్ని కూడా గుర్తుపెట్టుకుందాం. అయితే ఆడేవాళ్ళందరూ బాధితులేనా? వాళ్ళలో గెలిచినవాళ్ళూ వున్నారు. ఏడాది పొడుగునా ఒక పద్ధతి ప్రకారం బలహీనులను ఏరుకుని వాళ్ళ బల్లల్లో కూచునేవాళ్ళున్నారు. వాళ్ళు చట్టానికి తప్పు చెయ్యలేదు, ఆట నియమాలకు తప్పు చెయ్యలేదు. వాళ్ళు ఎవరికి జవాబు చెప్పాలి?

ఈ ప్రశ్న నేను మా మేనల్లుణ్ణే అడిగాను. అతను ఏటా లెక్క రాసుకుంటాడు. అక్కడ ఆ ఆదాయం మీద పన్ను కట్టాలి గనక. శుక్రవారం బల్లమీద ఏడాదికి మూడువందల డాలర్లు పోయాయట. ఎవరెవరికి పోయాయో పేరుపేరునా చెప్పాడు, అందులో ఒకరికి ఉద్యోగం పోయిందని తెలిసి రెండు నెలలు అతన్ని ఆటకు పిలవలేదని కూడా చెప్పాడు. కంప్యూటరులో నాలుగువేలు వచ్చాయి.

"ఎవరివి?" అన్నాను.

"ఎవరివని ఎట్లా చెప్పను మామయ్యా? చాలామందివి."

"ఒక్కరి పేరు చెప్పరా."

ఫైలు తెరిచి కాసేపు వెతికాడు. అన్నిటికన్న ఎక్కువ గెలిచింది ఒకే ఆటగాడి మీద. ఎనిమిది నెలలపాటు, ఎక్కువగా రాత్రి ఒంటిగంట తరవాత. పేరు స్థానంలో ఒక మాట, పక్కన నాలుగంకెలు వున్నాయి. నవంబరు తరవాత ఆ పేరు మళ్ళీ కనపడలేదు. ఎందుకు కనపడలేదని అడిగాను. తెలియదన్నాడు, అంతకుముందెప్పుడూ అది గమనించలేదని కూడా అన్నాడు.